డ్రిల్లు మేడమ్ నీళ్ళతొట్టి

మా నాలుగో తరగతి పిల్లలు పదమూడో ఎక్కం అప్పజెబుతుంటే ఇప్పటికీ నా అరికాళ్ళకి చల్లగా తగులుతుంది. నందిగాం మండలంలో చిన్న బడి మాది. ఏటా ఎవడో ఒకడు పదమూడు నాలుగుల దగ్గర ఆగిపోయి పైకప్పు వైపు చూస్తాడు. బెత్తం పట్టే మనిషిని కాను, యాభై రెండని నేనే అందించేసి ముందుకు నడిపిస్తాను. వాళ్ళ టీచరు ఒకప్పుడు ఛాతీలోతు నీళ్ళలో, ఏడో నెల కడుపుతో, అటూ ఇటూ నడుస్తూ ఇదే ఎక్కం అప్పజెప్పిందని ఆ పిల్లలకేం తెలుసు.

పోయిన నెల ఒకరోజు ఇంటర్వెల్లో ఫోనొచ్చింది, డ్రిల్లు మేడమ్ పోయారని. పొద్దున్న తోటలో మోటారు వేసి, పక్కనున్న అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయారట. తొట్టి నిండి నీళ్ళు పొర్లి కొబ్బరిచెట్ల మధ్యకి పారుతుంటే చూసి పక్క తోటవాళ్ళు వచ్చారట. ఆవిడ ఉండగా ఆ తొట్టి ఏనాడూ పొర్లింది లేదు. అందుకే వాళ్ళకి అనుమానం వచ్చిందట.

వరసకి ఆవిడ నాకు అత్త, మా మామగారి పినతండ్రి కూతురు. కానీ నేనూ అందరిలాగే మేడమ్ అనే పిలిచాను. ముప్ఫై ఏళ్ళు హైస్కూలు గ్రౌండులో ఆడపిల్లల్ని పరిగెత్తించి రిటైరైన మనిషి. చీర మీద తెల్ల కాన్వాసు బూట్లు వేసేవారు. మెడలో నల్లపూసల పక్కనే ఆకుపచ్చ తాడుకి ఈల వేలాడేది. ఆ ఈల ఊదగా నేను చూసింది ఒక్కసారే. మిగతా రోజుల్లో ఆవిడ గొంతే సరిపోయేది. మా ఉద్దానం గాలిలో కొబ్బరాకుల చప్పుడుని దాటి వినపడే గొంతు అది.

వజ్రపుకొత్తూరు వెళ్ళే దారిలో ఆవిడ తోట. తుఫానుకి సగం చెట్లు పోయాయి, మిగిలిన సగం మధ్యలో సిమెంటు తొట్టి. తోటలన్నిటిలో ఉండే తొట్టే, కాకపోతే ఆవిడ దాన్ని పెద్దది చేయించి, ఒక పక్క మెట్లు కట్టించారు. మేస్త్రీ మెట్లని నున్నగా దిద్దబోతే కాలు జారుతుందని గొడవపడి మళ్ళీ గరుగ్గా చేయించారట. లోపల గోడల చుట్టూ పట్టుకోవడానికి లావుపాటి కొబ్బరితాడు. ఏ రోజు నీళ్ళు ఆ రోజువే. పొద్దున్నే తొట్టిని కొబ్బరిపీచుతో రుద్ది, బోరు నీళ్ళు పట్టి, పది గంటల దాకా ఎండకి వదిలేసేవారు. అప్పుడు మోచెయ్యి ముంచి చూసేవారు. చల్లగా ఉన్నా ఒప్పుకోరు, ఎండాకాలంలో మరీ వెచ్చబడినా ఒప్పుకోరు. మేం పైకొచ్చాక గండి తీస్తే ఆ నీళ్ళన్నీ చెట్లకి పోయేవి.

ఆ తొట్టిలో ఆవిడ కడుపుతో ఉన్న ఆడవాళ్ళ చేత వ్యాయామం చేయించేవారు. వారానికి మూడు రోజులు, పూటకి నలుగురికి మించకుండా. దారిన పోయే మగవాళ్ళు మేడమ్ బాతుల్ని మేపుతున్నారని నవ్వుకునేవారు. ఆవిడకా మాట తెలుసు. బాతుకి మోకాళ్ళ నొప్పులుండడం మీరెప్పుడైనా చూశారా అని అడిగేవారు.

ముందు హాజరు. మా పేర్లు ఆవిడకి అక్కర్లేదు, నెలలే పేర్లు. ఆరో నెలా అంటే ప్రెజెంట్ మేడమ్ అనాలి. వచ్చే నెల ఏడో నెలకి ప్రమోషన్. ఒకే నెలవాళ్ళు ఇద్దరొస్తే పొడుగు ఆరో నెల, పొట్టి ఆరో నెల. హాజరయ్యాక కార్డు చూపించాలి. ఆసుపత్రిలో ఇచ్చే తల్లీబిడ్డ కార్డు. బీపీ ఎంతుందో, వ్యాయామం చేయొచ్చని డాక్టరు రాశారో లేదో చూసేవారు. కార్డు మర్చిపోయినవాళ్ళు గట్టు మీద కూర్చుని మిగతావాళ్ళని చూడ్డమే. ఉమ్మనీరు కారినా, కాస్త మరక కనిపించినా, పొట్టలో నొప్పిగా ఉన్నా, తల తిరిగినా నీళ్ళ జోలికి రావద్దని, తిన్నగా ఆసుపత్రికే పొమ్మని ప్రతిసారీ చెప్పేవారు. ప్రతిసారీ ఎందుకు మేడమ్, మొన్న చెప్పారుగా అని ఓసారి పొట్టి ఆరో నెల అంది. మొన్న విన్నది నీ చెవి, ఇవాళ వినాల్సింది నీ బుర్ర అని జవాబు.

ఆ తర్వాత గాజుల పరీక్ష. మా గాజుల కిందకి, గడియారం బెల్టు కిందకి తన చూపుడువేలు దూర్చి చూసేవారు. వేలు సులువుగా దూరితే దిగొచ్చు. అదేమిటో మాకు తెలీదు, ఆవిడ అలవాటనుకునేవాళ్ళం.

నీళ్ళలో చేయించేది కూడా పెద్ద విద్యేం కాదు. నిటారుగా నడవడం, తాడు పట్టుకుని కాలు పక్కకి చాపడం, చేతులు నీళ్ళలోనే తెరిచి ముయ్యడం. గెంతకూడదు, వెల్లకిలా తేలకూడదు, తల ముంచకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. ఎవరైనా పక్కనున్న మనిషిని దాటాలని జోరు పెంచితే ఇక్కడ ఫస్టూ సెకండూ లేవు, అందరికీ ఒకటే బహుమతి, అదీ ఆసుపత్రిలో ఇస్తారు అనేవారు. లోతు ఎప్పుడూ ఛాతీ దాకానే. ఇంకొంచెం పోస్తే తేలిగ్గా ఉంటుంది కదా అని నేనే ఒకరోజు అడిగాను.

"నాకు ఈత రాదు," అన్నారు. "నువ్వు తూలితే నాను నిలబడి పట్టుకోవాల."

నిజంగానే రాదు. అన్నేళ్ళు తొట్టి నడిపిన మనిషికి ఈత రాదు. దాన్ని ఆవిడ లోపంగా కాక తొట్టి కొలతగా పెట్టుకున్నారు.

ఎక్కం సంగతి చెప్పలేదు కదూ. నడిచేటప్పుడు ఆయాసం ఎంత వస్తోందో తెలుసుకోవడానికి ఆవిడ దగ్గర యంత్రాల్లేవు. ఎక్కం అప్పజెప్పించేవారు. రెండో ఎక్కం నిద్రలోనైనా వచ్చేస్తుంది, పందొమ్మిదోది ఎవరికీ రాదు, పదమూడైతే ఊపిరీ బుర్రా రెండూ పనిచెయ్యాలని ఆవిడ లెక్క. ఆగకుండా చెప్పగలిగితే నడక సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో ఎగరొప్పితే తాడు పట్టుకుని నిలబడాల్సిందే. చదువు లేనివాళ్ళకి ఎక్కం బదులు వంట. భావనపాడు నుంచి వచ్చే ఒకావిడ చేపల పులుసు చెప్పేది. మసాలా నూరే దగ్గరికి వచ్చేసరికి మా అందరికీ ఆకలేసేది.

నేనక్కడికి చేరింది ఆరో నెలలో. నడుంనొప్పి, కాళ్ళు బరువు. టెక్కలిలో నన్ను చూసే డాక్టరమ్మ అన్నీ పరీక్షించి, నీళ్ళలో నడిస్తే ఒంటి బరువు తెలీదు, వాపు కూడా తగ్గుతుంది, మీ వైపే ఒక మేడమ్ ఉన్నారుగా అని కార్డు మీద రాసిచ్చారు. మేడమ్ నిబంధన ఇంకొకటుంది. ఇంట్లోంచి ఒక మనిషి వచ్చి గట్టు మీద కూర్చోవాలి. నాకు మా అత్తగారు వచ్చారు, ముఖం ముడుచుకునే.

ఆవిడ ముఖం ఎందుకలా ఉందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మా మామగారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవారు. మా వైపు ఇది వింత కాదు, వీధికో ఇంట్లో ఉంటుంది. ఆయన తాగే నీళ్ళకి కొలతుండేది. ఒక స్టీలు గ్లాసు మీద మా అత్తగారు మేకుతో గీత గీశారు. గీత దాకా పోసి, రోజుకి ఇన్నిసార్లని లెక్కపెట్టి ఇచ్చేవారు. ఆయన దాహమని బతిమాలినా పొయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయి ఏడ్చేవారు. అలాంటి ఇంట్లో ఒక రోజు నా చెప్పులు నాకు పట్టలేదు. పాదాలు ఉబ్బాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి అంతోయింతో వస్తుందని నాకు తెలుసు. మా అత్తగారికి పాదాల వాపంటే ఒక్కటే తెలుసు. మర్నాడు నాకూ ఒక గ్లాసు మీద గీత పడింది.

కోపమొచ్చింది. బడికి వెళ్ళినప్పుడు తాగేదాన్ని, సెలవు రోజుల్లో ఇంట్లో ఉంటే గొంతెండిపోయేది. నా భర్తతో చెబితే అమ్మ భయం నీకు తెలీదులే, కొన్నాళ్ళు ఓర్చుకో అన్నాడు. ఎదురు తిరిగి కుండలోంచి ముంచుకు తాగడానికి నాకేం అడ్డమో ఇప్పుడు చెప్పలేను. ఆ గ్లాసు అందించేటప్పుడు ఆవిడ నా పాదాల వైపే చూసేవారు, అదే అడ్డమనుకుంటా.

తొట్టిలో రెండో వారం. వేసవి సెలవులు. పదమూడు ఆర్ల దగ్గరికి వచ్చేసరికి నా మాట నాలుకకి అంటుకుపోయింది. ఆయాసం కాదు, నోరెండిపోయింది. మేడమ్ నన్ను పైకి రమ్మని, పొద్దున్నుంచీ ఎన్ని నీళ్ళు తాగావని అడిగారు. గ్లాసుడన్నాను. ఎంత గ్లాసని అడిగారు. నేను మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ దాచలేదు. సంచిలోంచి గ్లాసు తీసి గీత చూపించారు.

మేడమ్ దాన్ని చేతిలో తిప్పి చూశారు. అలాంటిది తన అన్న మంచం పక్కన ఎన్నిసార్లు చూశారో. అరుస్తారనుకున్నాను. గ్రౌండు గొంతు కాదు, ఇంట్లో గొంతు వచ్చింది.

"మా అన్నకి కొలత డాక్టరు పెట్టేడు, వొదినా. ఈ పిల్లకి ఎవులు పెట్టేరు?"

 "కాళ్ళు సూసి బయమేసింది," అన్నారు మా అత్తగారు. "ఆయనకీ ముందు కాళ్ళే వొచ్చేయి."

మేడమ్ ఆవిడ్ని తప్పుపట్టలేదు. చెప్పులు విప్పించి గట్టు మీద కూర్చోబెట్టి, ఆవిడ పాదాలు నీళ్ళలో పెట్టించారు. పక్కనున్న తాగేనీళ్ళ టిన్నులోంచి ఆ గ్లాసు నిండా, గీత దాటి పోసి నాకిచ్చారు. నీళ్ళలో ఉన్నామని చెమట తెలీదు కానీ పడుతుందని, దిగేముందొక గ్లాసు, ఎక్కాక ఒక గ్లాసు తాగాలని చెప్పారు. మర్నాడే ముగ్గురం టెక్కలి వెళ్ళాం. రక్తం, మూత్రం చూశారు. కిడ్నీలు బాగున్నాయి, నీళ్ళు బాగా తాగాలని డాక్టరమ్మ చెబితే మా అత్తగారు ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నారు. ఇంటికొచ్చాక నా గ్లాసు అటకెక్కింది. నా మంచం పక్కకి నిండు చెంబు వచ్చింది.

కానీ ఆవిడ తప్పయిందని అనలేదు. నేను ఎదురుచూశాను. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. చెంబు పెట్టడమే ఆ మాట అనుకోవాలని నాకూ తెలుసు. అయినా అనుకోలేకపోయాను. అంత చదివిన నేను ఒక గ్లాసు మీద అలిగి ఇన్నేళ్ళు కూర్చోవడం చిన్నతనమే, కానీ దాహం గుర్తుండిపోతుంది.

ఎనిమిదో నెల చివర్లో ఒకరోజు పొద్దున్నే తలనొప్పి. ఎండకి అనుకుని తోటకి వెళ్ళాను. కార్డు మీద వారం కిందటి బీపీ బాగానే ఉంది. హాజరు పలికాను. మేడమ్ నా గాజుల కిందకి వేలు దూర్చబోయారు. దూరలేదు. ఇంకో చెయ్యి చూశారు. ముఖంలోకి చూశారు. ఎక్కం చెప్పమన్నారు. పదమూడు నాలుగుల దగ్గర ఆగిపోయాను. నాకు రాక కాదు, కళ్ళ ముందు మెరుపుల్లా కదిలి ఆవిడ ముఖం సరిగ్గా కనపడలేదు. ఆ మాట చెప్పాను.

అప్పుడు ఈల ఊదారు. నీళ్ళలో ఉన్న ముగ్గురూ మెట్లెక్కి పైకొచ్చారు. తాను గట్టు మీద లేకుండా తొట్టిలో ఎవరూ ఉండకూడదు, తాను నాతో వస్తున్నారు. అందుకే ఆ ఈల. ఆడవాళ్ళని తెచ్చిన ఆటో తోట బయటే ఉంది. ఎడమపక్కకి ఒరగబెట్టి నన్ను కూర్చోబెట్టారు. తడిసిన కాన్వాసు బూట్లతోనే ఆవిడ ముందు సీట్లో ఎక్కి, టెక్కలి ఆసుపత్రికి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పారు.

దారిలో మా అత్తగారు ఏడుస్తూనే ఉన్నారు. నాను ముందే అన్నాను, ఆ కాళ్ళు సూసి నాను ముందే అన్నాను అని అదే మాట. మేడమ్ వెనక్కి తిరిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"నీ బయం తప్పు కాదు వొదినా. నీ గ్లాసే తప్పు."

బీపీ బాగా పెరిగిపోయిందట. గాజులు బిగిసేలా చేతులు ఉబ్బడం దానికి గుర్తేనట. ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ నాతో చెప్పలేదు, మేడమ్‌తో చెప్పారు. ఆవిడా నాకు చెప్పలేదు. ఆ రాత్రే ఆపరేషన్ చేసి పాపని తీశారు. పిడికెడు పిల్ల. గాజుపెట్టెలో కొన్నాళ్ళుంచి ఇచ్చారు. పాపని చూడ్డానికొచ్చినప్పుడు మేడమ్ ముందుగా నా చేతి గాజుల కిందకి వేలు దూర్చి చూసి, ఆ తర్వాతే పాప వైపు తిరిగారు. మొదటి నెలా, ప్రెజెంటా అని అడిగారు.

ఎందుకిదంతా మీకు అని ఒకసారి అడిగాను. బాగా పరిగెత్తే పిల్లలు పెళ్ళయి కడుపు పండగానే కదలకూడదంట మేడమ్ అని మంచమెక్కేసేవారు, నాకది నచ్చలేదు అన్నారు. 

మా మామగారు ఆ తర్వాత రెండేళ్ళకి పోయారు. మా అత్తగారు మాత్రం తోటకి వెళ్ళడం మానలేదు. కోడలు వెంట లేకపోయినా గట్టు మీద కూర్చునేవారు. ఇంట్లోంచి ఎవరూ రాని ఆడవాళ్ళకి ఈవిడే ఇంటిమనిషి. మోచెయ్యి ముంచడం, గాజుల కింద వేలు పెట్టడం మేడమ్ ఆవిడకి నేర్పారు. ఇంట్లో పొద్దు పోవడం లేదు కాబోలనుకున్నాను.

మేడమ్ పెద్దకార్యం అయిన మర్నాడు నేనూ మా అత్తగారూ తోటలోనే ఉన్నాం. మేడమ్ తమ్ముడు చెట్లకోసం తొట్టి నింపాడు. పది గంటల వేళ గేటు దగ్గర ఆటో ఆగింది. ఒక అమ్మాయి, వెనక వాళ్ళమ్మ దిగారు. కొత్తవాళ్ళు. మేడమ్ సంగతి వాళ్ళకి తెలీదు. నేను చెప్పాను. ఆ పిల్ల కార్డు చేతిలో పట్టుకుని ఎటూ తోచక నిలబడింది. పాదాలు ఉబ్బి చెప్పు పట్టీలు ఒరుసుకుంటున్నాయి. ఇంక వెళ్ళిపోండమ్మా అనబోతున్నాను.

మా అత్తగారు అరుగు మీంచి లేచారు. కార్డు తెచ్చేవా అని అడిగి, తీసుకుని నాకిచ్చారు. చదివాను. నిన్నటి బీపీ, బాగుంది. నీళ్ళలో నడవొచ్చని డాక్టరు రాశారు. ఆరో నెల. మా అత్తగారు తొట్టిలో మోచెయ్యి ముంచారు. ఆ పిల్ల గాజుల కిందకి వేలు దూర్చారు. వాళ్ళమ్మని గట్టు మీద కూర్చోబెట్టి, తన సంచిలోంచి ఒక స్టీలు గ్లాసు తీశారు. గీత ఉన్న గ్లాసు. అది నాదో మామగారిదో నేను గుర్తుపట్టలేకపోయాను. నిండా పోసి ఆ పిల్ల చేత తాగించారు.

ఆ పిల్ల తాడు పట్టుకుని మెట్లు దిగింది. తనూ చీర ఎగదోపి చివరి మెట్టు మీద నిలబడ్డారు మా అత్తగారు. ఎక్కాలు నాకు రావు, నడుత్తా మీ అత్త సంగతి సెప్పు అన్నారు. ఆ పిల్ల సిగ్గుపడి వాళ్ళమ్మ వైపు చూసింది.

"సరే, ముందు నాను సెప్తాను," అన్నారు మా అత్తగారు. నా వైపు చూడలేదు. "నా కోడలు నీలాగే ఆరో నెల్లో ఉన్నప్పుడు నాను దానికి నీళ్ళు కొలిసి పోసేను. దాహమేసినా పొయ్యలేదు. శానా తప్పు సేసేను."

నేను కార్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మాట నాతో కాకుండా ముక్కూముఖం తెలీని పిల్లతో చెబుతున్నారు. అక్షరాలు మసకబారి కార్డు మీద ఇంకేమీ కనపడలేదు. నీళ్ళలో ఆ పిల్ల సిగ్గు మర్చిపోయి ఆగింది.

"తర్వాత ఏటయినాది?"

"నడు," అన్నారు మా అత్తగారు. "నడుత్తుంటే సెప్తాను."